నంబరు ఒక కంపెనీది, మనిషి ఇంకో కంపెనీలో: నా ఈనమ్ ల్యాబ్ డైరీ

శనివారం

నంబరులో మొదటి నాలుగైదు అంకెలు చూసి అది ఏ కంపెనీదో చెప్పే కాలం మన దేశంలో 2011 జనవరి 20తో అయిపోయింది. మొబైల్ నంబర్ పోర్టబిలిటీ, అంటే నంబరు మార్చకుండా కంపెనీ మారే వీలు, ముందు 2010 నవంబరు 25న హర్యానాలో మొదలైంది, ఆ తరవాత దేశమంతా వచ్చింది. 2015 జూలై 3 నుంచి సర్కిల్ (టెలికాం లెక్కలో ఒక ప్రాంతం) దాటినా నంబరు మనతోనే వస్తోంది, అంటే విశాఖలో తీసుకున్న నంబరుతో పుణెలో ఇంకో ఆపరేటర్ దగ్గర హాయిగా ఉండొచ్చు. వాడేవాళ్ళకి ఇందులో పెద్ద సంగతేం లేదు. 1900కి మెసేజి పెట్టాలి, యూపీసీ అనే ఎనిమిది అక్షరాల కోడ్ వస్తుంది, అది చూపించి కొత్త సిమ్ తీసుకోవాలి, అంతే. కానీ ఆ మనిషికి ఎవరైనా ఫోన్ చేసినప్పుడు కాల్ ఎటు పోవాలో ప్రతిసారీ ఎవరో ఒకరు వెతకాలి, దేశంలో ఎక్కడి నుంచి చేసినా వెతకాలి, అదీ అవతల రింగ్ మోగేలోపే వెతకాలి. ఈ వెతకడం అన్నది నా చేత్తో ఒకసారి మొదటి నుంచి కట్టి చూడాలని ఎప్పటి నుంచో ఉంది. ఇదిగో, మొదలుపెట్టాను.

ఇంట్లో పాత సర్వర్ ఒకటి ఉంది, దాని మీద ఉత్తుత్తి ఆపరేటర్లు ముగ్గుర్ని పెట్టాను. పేర్లు క, గ, చ. ఒక్కొక్కరికి కాల్ ఎటు పోవాలో చూసే కమాయిలియో అనే సాఫ్ట్‌వేర్ ఒకటి, దాని వెనక ఫోన్లు తగిలించడానికి ఆస్టరిస్క్ అనే ఎక్స్ఛేంజి సాఫ్ట్‌వేర్ ఒకటి. ఎవరు ఎక్కడికి పోర్ట్ అయ్యారో ముగ్గురికీ చెప్పే చిన్న క్లియరింగ్ హౌస్ ఒకటి. దారి చెప్పే పని ఈనమ్‌ది. ఫోన్ నంబరుని డీఎన్‌ఎస్ పేరుగా మార్చి, ఆ పేరు కింద "ఈ కాల్ ఇటు పంపు" అన్న జవాబు రాసి పెట్టుకునే పద్ధతి అది. వెబ్‌సైట్ పేరు అడిగితే ఐపీ అడ్రస్ చెప్పే ఆ డీఎన్‌ఎస్సే ఇక్కడ నంబరు అడిగితే దారి చెబుతుంది.

ల్యాబ్ నంబర్ల విషయంలో ఒక జాగ్రత్త. మన మొబైల్ నంబర్లు 6, 7, 8, 9తో మొదలవుతాయి. 91 తరవాత సున్నాతో మొదలయ్యే నంబరు ఎవరికీ ఇవ్వరు. అందుకని క-కి 00001తో మొదలయ్యే లక్ష నంబర్లు, గ-కి 00002, చ-కి 00003 ఇచ్చాను. పొరపాటున బయటికి పోయినా ఏ ఇంట్లోనూ ఫోన్ మోగదు.

ఆదివారం

బాబాయ్ గుంటూరు నుంచి వచ్చారు. టెలికాం డిపార్ట్‌మెంటులో ఎక్స్ఛేంజి పని చేసి రిటైరైన మనిషి, స్ట్రౌజర్ అనే పాత యాంత్రిక ఎక్స్ఛేంజిల రోజుల నుంచి చూశారు. కమాయిలియో లాగ్ చూపిస్తూ ఏం చేస్తున్నానో చెప్పాను.

"అంటే ఏంట్రా, నంబరు చూసి దారి పట్టుకోవడం కుదరదా ఇప్పుడు?"

"కుదరదు బాబాయ్. నంబరు ఎవరికిచ్చారో మాత్రమే తెలుస్తుంది. ఇప్పుడు ఎవరి దగ్గరుందో అడిగి తెలుసుకోవాలి."

"మా రోజుల్లో అంకె తిప్పుతుంటేనే దారి పడిపోయేది కదరా."

ఆయన చెప్పింది అక్షరాలా నిజం. స్ట్రౌజర్ ఎక్స్ఛేంజిలో డయల్ నుంచి వచ్చిన ఒక్కో పల్స్‌కి సెలెక్టర్ ఒక్కో మెట్టు పైకి లేచేది, ఆ వరసలో తనంతట తను పక్కకి తిరిగి ఖాళీగా ఉన్న దారి పట్టుకునేది, తరవాతి అంకె ఇంకో సెలెక్టర్‌కి వెళ్ళేది, చివరి రెండంకెలూ ఫైనల్ సెలెక్టర్ పని. నంబరంటేనే దారి అన్నమాట. 0863 అంటే గుంటూరు, 0866 అంటే విజయవాడ, 040 అంటే హైదరాబాదు అన్న ఎస్టీడీ కోడ్‌లలో ఇప్పటికీ ఆ ఆలోచనే ఉంది. పోర్టబిలిటీ వచ్చి మొబైల్ నంబర్ల దగ్గర దీన్ని తెంచేసింది. నంబరు ఇప్పుడు మనిషి పేరు లాంటిది, ఎక్కడున్నాడన్నది వేరే అడగాలి. పేరు అడిగితే జవాబు చెప్పడానికి మన దగ్గర నలభై ఏళ్ళుగా పని చేస్తున్న డీఎన్‌ఎస్ ఉండగా ఇంకోటి ఎందుకు అన్నదే ఈనమ్ వెనక ఉన్న ఆలోచన, నాకు చాలా నచ్చిన ఆలోచన.

ఈనమ్ మొదటి పత్రం 2000లో ఆర్‌ఎఫ్‌సీ (ఇంటర్నెట్ ప్రమాణాల పత్రం) 2916గా వచ్చింది, 2004లో 3761గా మారింది, ఇప్పుడు అమల్లో ఉన్నది 2011 నాటి 6116. లోకమంతటికీ కలిపి ఒకే చెట్టు ఉండాలని ఈ164.ఆర్పా అనే డొమైన్ పెట్టారు. దాని రిజిస్ట్రీ పని యూరప్ ఇంటర్నెట్ అడ్రస్‌ల సంస్థ రైప్ ఎన్‌సీసీ చూస్తుంది, దేశాలకి కొమ్మలు ఇవ్వడంలో ఐక్యరాజ్యసమితి టెలికాం సంస్థ ఐటీయూ ప్రమేయం ఉంటుంది. ఆస్ట్రియా 2004 డిసెంబరులో అందరికంటే ముందు దీన్ని వ్యాపార సేవగా తెరిచింది. అయినా జనం తమ నంబర్లు తామే నమోదు చేసుకునే ఆ బహిరంగ పద్ధతి పెద్దగా పాకలేదు. ఆపరేటర్ల లోపల మాత్రం ఈనమ్ బతికే ఉంది. ఇంటర్నెట్ పద్ధతిలో కాల్స్ నడిపే ఐఎమ్‌ఎస్ నెట్‌వర్క్‌లో ఫోన్ నంబరుని సిప్ (ఇంటర్నెట్ మీద కాల్స్ కలిపే పద్ధతి) అడ్రస్‌గా మార్చే చోట వాడేది ఇదే. నేను కడుతున్నది ఆ లోపలి రకమే, బయటి ఇంటర్నెట్‌కి కనపడదు.

సోమవారం రాత్రి

ముందు నంబరు శుభ్రం చేసే పని. ఇది చిన్న పనిలా కనిపిస్తుంది కానీ సగం తిప్పలు ఇక్కడే. ఒకే నంబరుని జనం ఎన్ని రకాలుగా కొడతారో చూడండి: పదంకెలు, ముందు సున్నా, ముందు 91, ముందు 0091, ముందు +91. ల్యాండ్‌లైన్ నుంచి మొబైల్‌కి చేస్తే 2021 జనవరి 15 నుంచి సున్నా తప్పనిసరి. ఇవన్నీ ఒకే రూపానికి రావాలి, ప్లస్ గుర్తు, దేశం కోడ్, మిగతా నంబరు, మొత్తం మీద పదిహేను అంకెలు దాటకూడదు. ఆ రూపంలోకి వచ్చాకే ఈనమ్ అడగాలి.

అసలు ఈనమ్ అడగకూడని నంబర్లు కూడా ఉన్నాయి. 112, 100, 101, 108. కమాయిలియో స్క్రిప్టులో వీటిని అన్నిటికంటే పైన పెట్టాను, డీఎన్‌ఎస్ బతికున్నా చచ్చినా ఇవి నేరుగా పోవాలి. 108 మన దగ్గరే, 2005 ఆగస్టు 15న హైదరాబాదు కేంద్రంగా మొదలైన సర్వీసు. యాక్సిడెంట్ జరిగి ఎవరో వణికే చేతుల్తో మూడంకెలు నొక్కితే, వాటిని ఒక డేటాబేసులో వెతుకుతూ కూర్చునే సిస్టమ్ నేను కట్టను. ఇది ల్యాబే కావచ్చు, అలవాటు మాత్రం ఇక్కడి నుంచే పడాలి.

మంగళవారం

ఇప్పుడు అసలు రికార్డు. పరీక్ష నంబరు +91 00001 00023, క బ్లాకులోది, గ-కి పోర్ట్ అయిందనుకుందాం. ప్లస్ తీసేసి, అంకెల్ని తిరగేసి, ఒక్కోదాని మధ్య చుక్క పెట్టాలి:

3.2.0.0.0.1.0.0.0.0.1.9

దీని చివర నా ప్రైవేటు డొమైన్ తగులుతుంది. తిరగేయడం ఎందుకంటే డీఎన్‌ఎస్‌లో పెద్దది కుడివైపు ఉంటుంది, నంబరులో ఎడమవైపు ఉంటుంది. అలా పెడితే 1.9 కింద ఇండియా, దాని కింద బ్లాకు, దాని కింద నంబరు, ఇలా చెట్టు తనంతట తనే పడుతుంది.

ఈ పేరు కింద ఉండేది నాప్టర్ రికార్డు. అందులో వరస సంఖ్య, ప్రాధాన్యం, ఇదే ఆఖరి జవాబు అని చెప్పే యు అనే జెండా, ఏ సర్వీసు అన్నది, తరవాత ఒక రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్, అంటే అక్షరాల్ని పట్టుకుని మార్చే సూత్రం. మనం డయల్ చేసిన పూర్తి నంబరుని, ప్లస్‌తో సహా, ఆ ఎక్స్‌ప్రెషన్‌లోంచి తోస్తే బయటికొచ్చేదే దారి. తెలుగులో రాసి చూపిస్తే ఇలా ఉంటుంది:

!^(.*)$!టెల్:\1;ఎన్‌పీడీఐ;ఆర్‌ఎన్=2222;ఆర్‌ఎన్-కాంటెక్స్ట్=+91!

ఆశ్చర్యార్థకాలు సరిహద్దు గుర్తులు. మొదటి భాగం నంబరు మొత్తాన్ని పట్టుకుంటుంది, \1 దాన్నే తిరిగి దించుతుంది. జోన్ ఫైల్లో (డీఎన్‌ఎస్ రికార్డులు రాసుకునే ఫైలు) రాసేటప్పుడు ఆ బ్యాక్‌స్లాష్ రెండుసార్లు కొట్టాలి, లేకపోతే జోన్ చదివేటప్పుడే అది మాయమై ప్రతి కాల్‌కీ నంబరు బదులు ఒట్టి 1 వస్తుంది. ఎవరైనా ఇది కొత్తగా మొదలుపెడుతుంటే డీఎన్‌ఎస్‌ని ప్రశ్నించే డిగ్ అనే కమాండ్‌తో అడిగి, బయటికొచ్చిన అక్షరాలు కంటితో చూసుకుని గానీ ముందుకి పోకండి.

ఎన్‌పీడీఐ అంటే పోర్టింగ్ సంగతి వెతికేశామని చెప్పే జెండా. ఆర్‌ఎన్ అంటే రూటింగ్ నంబరు, ఇక్కడ 2222 అంటే గ. మన దేశంలో దీన్ని ఎల్‌ఆర్‌ఎన్ అంటారు, నాలుగంకెలు, ఒక్కో ఆపరేటర్‌కి ఒక్కో సర్కిల్‌లో ఒక్కోటి. రెండు తెలుగు రాష్ట్రాలకీ కలిపి టెలికాం లెక్కలో ఇప్పటికీ ఒకటే సర్కిల్, ఆంధ్రప్రదేశ్. అమెరికాలో అయితే ఎల్‌ఆర్‌ఎన్ కూడా పదంకెల ఫోన్ నంబరు రూపంలోనే ఉంటుంది. మనది నాలుగంకెల దేశీయ కోడ్ కాబట్టి, అది ఏ దేశం లెక్కలోదో చెప్పడానికి కాంటెక్స్ట్ అనే ముక్క తప్పనిసరిగా తగిలించాలి. ఈ ముక్కలన్నీ ఆర్‌ఎఫ్‌సీ 4694లో ఉన్నాయి, ఈనమ్ జవాబులో పోర్టింగ్ సమాచారం పెట్టే పద్ధతి 4769లో ఉంది.

క నుంచి, చ నుంచి కాల్ చేశాను. రెండూ గ దగ్గర మోగాయి.

బుధవారం

ఈ రోజు రాయాల్సింది చాలా ఉంది. ఈ ప్రాజెక్టు మొత్తంలో నాకు అన్నిటికంటే విలువైన సంగతి దొరికింది ఇవాళే.

పోర్ట్ కాని నంబర్లకి ఒక్కోదానికి ఒక్కో రికార్డు రాయక్కర్లేదు, డీఎన్‌ఎస్‌లో వైల్డ్‌కార్డ్ ఉంది కదా, విడిగా రాయని పేర్లన్నిటికీ కలిపి జవాబు చెప్పే నక్షత్రం గుర్తు. క బ్లాకు మొత్తానికి *.1.0.0.0.0.1.9 అని ఒకటే రికార్డు, "పోర్ట్ కాలేదు, క-కి పంపు" అని. దాని పక్కన పోర్ట్ అయిన నంబరుకి విడి రికార్డు. చూడ్డానికి ముచ్చటగా ఉంది, పుస్తకాల్లో బొమ్మలు కూడా ఇలాగే ఉంటాయి.

సిప్‌పీ అనే పరీక్ష కాల్స్ చేసే ప్రోగ్రాముతో క బ్లాకులోని నంబర్లకి వరసగా కాల్స్ వదిలాను. 00001 10000 నుంచి పైకి అన్నీ పోతున్నాయి. 00001 00023 గ-కి పోతోంది, సరిగ్గానే ఉంది. 00001 00024కి మాత్రం 404, అంటే నంబరు దొరకలేదని. 00025కీ 404. 00001 09999 దాకా అదే వరస. డిగ్‌తో అడిగితే ఎన్‌ఎక్స్‌డొమైన్, అసలు అలాంటి పేరే లేదంటోంది. వైల్డ్‌కార్డ్ కళ్ళెదురుగానే ఉంది.

సర్వర్ తప్పేం లేదు, డీఎన్‌ఎస్ నియమమే అది. 3.2.0.0.0.1.0.0.0.0.1.9 అనే పేరు పుట్టిందంటే దాని పైనున్న మెట్లన్నీ, 2.0.0.0.1.0.0.0.0.1.9, 0.0.0.1.0.0.0.0.1.9, ఇలా అన్నీ ఖాళీగానైనా సరే పుట్టినట్టే లెక్క. ఇప్పుడు 00024 అడిగారనుకోండి, సర్వర్ ఆ పేరుకి అతి దగ్గరగా ఉన్న, నిజంగా ఉన్న మెట్టు ఏదో చూస్తుంది. అది 2.0.0.0.1.0.0.0.0.1.9. సరిగ్గా ఆ మెట్టు కింద నక్షత్రం ఉందా అని చూస్తుంది. లేదు. అంతే, లేదని చెప్పేస్తుంది. పైన ఎక్కడో బ్లాకు దగ్గరున్న నక్షత్రం వరకూ ఎక్కి వెతకదు. వైల్డ్‌కార్డ్‌ల సంగతి వివరించే ఆర్‌ఎఫ్‌సీ 4592లో ఇది స్పష్టంగా ఉంది.

ఫలితం ఏమిటో లెక్క వేసి చూడండి. 00001 తరవాత 0తో మొదలయ్యే నంబర్లు పదివేలు. అందులో ఒక్కటి పోర్ట్ అయింది. దాంతో మిగతా 9,999 నంబర్లకి దారి పోయింది. ఎవరో ఒకాయన తన సిమ్ మార్చుకున్నందుకు, ఆయన పేరు కూడా తెలియని 9,999 మందికి ఫోన్ రాదు. నంబరు పోర్ట్ చేయించుకునే హక్కు ఎంత మంచిదో, దాన్ని అమలు చేసేవాళ్ళ మీద అంత బాధ్యత ఉందనడానికి నాకు ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు. నంబరు చూస్తే దారి తెలుస్తుందన్న పాత ఆలోచన బ్లాకు వైల్డ్‌కార్డ్‌లో ఉంది, ఒక్కో నంబరుకి ఒక్కో దారి అన్న కొత్త ఆలోచన విడి రికార్డులో ఉంది, రెండిటినీ ఒకే చెట్టులో పెడితే కొట్టుకుంటున్నాయి.

గురువారం

మందు ఏమిటా అని కాగితం మీద వేసుకున్నాను.

మధ్యలో పుట్టిన ప్రతి ఖాళీ మెట్టు కిందా ఇంకో నక్షత్రం పెట్టడం ఒక దారి. 00023 విషయంలో బ్లాకుకీ నంబరుకీ మధ్య నాలుగు మెట్లున్నాయి, నాలుగు నక్షత్రాలు పెడితే 00024 మళ్ళీ పలికింది. పని చేస్తుంది. కానీ కొత్త నంబరు పోర్ట్ అయిన ప్రతిసారీ ఏ మెట్లు కొత్తగా పుట్టాయో చూసి పెట్టాలి. ఇంకా తేలిక, చివరి అంకెకి ముందున్న పదివేల మెట్ల కిందా ముందే నక్షత్రాలు పెట్టేయడం. అప్పుడు ఏ నంబరు పోర్ట్ అయినా పక్కవాళ్ళకి దెబ్బ తగలదు, లక్ష నంబర్ల బ్లాకుకి పదివేల రికార్డులతో సరిపోతుంది.

నాకు ఇదీ తృప్తిగా అనిపించలేదు. 2018 ఆగస్టులో వోడాఫోన్, ఐడియా కలిసిపోయినట్టు రెండు కంపెనీలు కలిస్తే, బ్లాకు యజమాని మారాడన్న ఒక్క మాట కోసం అన్నిటినీ తిరగరాయాలి. చెట్టు ఆకారం కోసం డేటాని ఇలా పరిచేయడం నాకు ఇష్టం లేదు.

అందుకని రికార్డులని చెట్టుగా రాసి పెట్టుకునే ఆలోచనే మానేశాను. పవర్‌డీఎన్‌ఎస్ అనే డీఎన్‌ఎస్ సర్వర్‌లో రిమోట్ బ్యాకెండ్ అని ఒకటుంది, ప్రశ్న వస్తే మన ప్రోగ్రాముని అడుగుతుంది, మనం చెప్పిందే జవాబుగా ఇస్తుంది. వెనకాల పోస్ట్‌గ్రెస్ డేటాబేసులో రెండే పట్టికలు. ఒకటి పోర్ట్ అయిన నంబర్లు, నంబరు పక్కన ఎల్‌ఆర్‌ఎన్. రెండోది బ్లాకులు, మొదటి అంకెల పక్కన అసలు యజమాని. చిన్న పైథాన్ ప్రోగ్రాము వచ్చిన పేరుని మళ్ళీ తిరగేసి నంబరు చేస్తుంది, మొదటి పట్టికలో వెతుకుతుంది, అక్కడ లేకపోతే రెండో పట్టికలో అతి పొడవుగా కలిసే బ్లాకు పట్టుకుంటుంది, నాప్టర్ అప్పటికప్పుడు తయారు చేసి ఇస్తుంది. ఒక సంగతి గుర్తుంచుకోవాలి, పవర్‌డీఎన్‌ఎస్ మన ప్రోగ్రాముని నాప్టర్ ఒక్కటే అడగదు, ఈ జోన్ ఎవరిదని ఎస్‌ఓఏ అనే రికార్డు కూడా అడుగుతుంది, దానికి సరైన జవాబు లేకపోతే మిగతాది ముందుకి సాగదు.

సిప్‌పీ మళ్ళీ వదిలాను. లక్ష నంబర్ల బ్లాకులో ఒక్క 404 లేదు. చాలా సంతోషంగా ఉంది.

శుక్రవారం

ఒకే కాల్ కోసం రెండుసార్లు వెతకకుండా చూసే పని. మన దేశంలో పాటించేది ఆల్ కాల్ క్వెరీ పద్ధతి, అంటే కాల్ ఎవరి నెట్‌వర్క్‌లో పుడుతుందో వాళ్ళే ప్రతి కాల్‌కీ ముందే వెతికి, ఎల్‌ఆర్‌ఎన్ తగిలించి పంపాలి. డాలస్‌లో ఉన్న అబ్బాయి నెల్లూరులో అమ్మకి ఫోన్ చేస్తే అమెరికా కంపెనీకి మన పోర్టింగ్ సంగతి తెలియదు, ఇక్కడ దిగే అంతర్జాతీయ గేట్‌వే వాళ్ళు వెతికి పంపుతారు. పాత పద్ధతులు వేరేవి ఉన్నాయి, ముందు అసలు యజమానికి పంపి అక్కడి నుంచి ముందుకి తోయించడం లాంటివి. అందులో వెళ్ళిపోయిన కస్టమర్ కాల్స్ కోసం పాత కంపెనీ సామర్థ్యం ఖర్చవుతుంది, పాత కంపెనీ సిస్టమ్ పడిపోతే మనిషి ఎప్పుడో మానేసిన కంపెనీ వల్ల ఆ మనిషికి ఫోన్ రాదు. ఇప్పుడున్న పద్ధతే న్యాయం.

ఎన్‌పీడీఐ అనే జెండా పని ఇక్కడే. "నేను వెతికేశాను, మళ్ళీ వెతకొద్దు" అని దాని అర్థం. పోర్ట్ కాని నంబరుకి కూడా ఈ జెండా పెట్టాలి, ఆర్‌ఎన్ లేకుండా. పాత ఎస్‌ఎస్7 సిగ్నలింగ్‌లో ఇదే పని ఒక్క బిట్‌తో చేస్తారు.

ఇది లేకపోతే ఏమవుతుందో కావాలనే చేసి చూశాను. క్లియరింగ్ హౌస్ నుంచి వచ్చే ఒక అప్‌డేట్‌ని చ-కి అందకుండా ఆపాను. 00023 ఇప్పుడు గ నుంచి చ-కి పోర్ట్ అయింది, కానీ ఆ సంగతి చ-కి చేరలేదు కాబట్టి చ డేటాబేసులో గ అనే ఉంది, గ డేటాబేసులో మాత్రం చ అని ఉంది. జెండాని పట్టించుకోవద్దని ఇద్దరి స్క్రిప్టుల్లోనూ ఆ లైను తీసేశాను. కాల్ వదిలితే గ అంటుంది చ దగ్గరుందని, చ అంటుంది గ దగ్గరుందని, ఆ ఒక్క కాల్ ఇద్దరి మధ్యా తిరిగి తిరిగి, ఇంకా ఎన్ని చేతులు మారొచ్చో చెప్పే మ్యాక్స్-ఫార్వర్డ్స్ అనే లెక్క 70 నుంచి సున్నాకి దిగాక 483 (మరీ ఎక్కువ చేతులు మారింది) అని వచ్చి ఆగింది. ఒక్క కాల్ ఇన్ని కాల్స్ పని చేయించింది. ఇలాంటివి వందలు ఒకేసారి వస్తే పరిస్థితి ఊహించుకోవచ్చు. జెండా లైను తిరిగి పెట్టాను, వెంటనే 404తో తెగింది. ఫోన్ కలవలేదు, నిజమే, కానీ తప్పు ఎక్కడుందో లాగ్‌లో మొదటి లైనులోనే తెలుస్తోంది, మిగతావాళ్ళకి భారం లేదు. తెగిపోయిన ప్రతి అలాంటి కాల్‌కీ "జెండా ఉంది, మా దగ్గర ఈ నంబరు లేదు" అని విడిగా ఒక లాగ్ రాయిస్తున్నాను. అప్‌డేట్ పోయిన సంగతి కస్టమర్ ఫిర్యాదు కంటే ముందు దాంట్లోంచే బయటపడుతుంది.

శనివారం

కాష్ సంగతి. పోర్ట్ అయిన క్షణం నుంచి అందరికీ కొత్త దారి తెలియాలంటే పాత జవాబు ఎవరి దగ్గరా ఎక్కువసేపు ఉండకూడదు. నాప్టర్‌కి టీటీఎల్, అంటే జవాబు దాచుకోవచ్చన్న గడువు, 60 సెకన్లు పెట్టాను. దానితో అయిపోలేదు, పవర్‌డీఎన్‌ఎస్ తన లోపల కూడా జవాబు దాచుకుంటుంది, మామూలుగా 20 సెకన్లు. లేదు అన్న జవాబుని ఇంకా ఎక్కువసేపు, 60 సెకన్లు. అడిగేవాళ్ళ వైపు డీఎన్‌ఎస్ జవాబులు వెతికిపెట్టే రిజాల్వర్, లేదు అన్న జవాబుని ఎంతసేపు దాచుకోవాలో ఎస్‌ఓఏ చెబుతుంది. చాలామంది టీటీఎల్ చూసుకుంటారు గానీ ఈ లేదు అన్న జవాబు వయసు చూసుకోరు. కొత్త బ్లాకు ఈ రోజే తెరిచారనుకోండి, తెరవడానికి నిమిషం ముందు ఎవరో ఆ నంబరు కొట్టి ఉంటే, తెరిచాక కూడా వాళ్ళకి ఆ నంబరు లేదనే వస్తుంది. ఎస్‌ఓఏలో అది కూడా 60కి దించాను.

సర్వర్ చచ్చిపోతే? ఈనమ్ ప్రాసెస్‌ని ఆపి కాల్ చేశాను. చెవిలో నిశ్శబ్దం. లైనక్స్‌లో మామూలు రిజాల్వర్ ఒక సర్వర్ కోసం 5 సెకన్లు ఆగుతుంది, తరవాత ఇంకోసారి ప్రయత్నిస్తుంది. అంతసేపు ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని ఎవరుంటారు, కట్ చేసి మళ్ళీ కొడతారు, దాంతో భారం రెండింతలు. కమాయిలియోలో డీఎన్‌ఎస్ వేచి ఉండే సమయం ఒక సెకనుకి, ప్రయత్నం ఒకటికి దించి, రెండో ఈనమ్ సర్వర్ పెట్టాను. రెండూ పలకకపోతే బ్లాకు యజమానికి పంపేయమని రాశాను. పోర్ట్ కానివాళ్ళకి కాల్ వెళ్తుంది, పోర్ట్ అయినవాళ్ళ కాల్స్ పాత ఆపరేటర్ దగ్గర జెండా లేకుండా వస్తాయి కాబట్టి ఆయన వెతికి పంపగలడు. ఎన్‌పీడీఐ అబద్ధం చెప్పకూడదు, వెతకనప్పుడు పెట్టకూడదు. ఇది చాలా ముఖ్యం.

ఆదివారం

డీఎన్‌ఎస్ చెట్టుకి ఒక గుణం ఉంది, ఖాళీ మెట్టు అడిగితే "పేరు ఉంది, రికార్డు లేదు" అంటుంది, అసలు లేని మెట్టు అడిగితే "పేరే లేదు" అంటుంది. ఈ తేడా ఒక్కటి చాలు. బయటివాడు మెట్టుకి పది అంకెలు చొప్పున అడుగుతూ, లేని కొమ్మలు వదిలేస్తూ పోతే ఏ నంబర్లు నిజంగా పని చేస్తున్నాయో జాబితా మొత్తం లాగేయగలడు. స్పామ్ కాల్స్ చేసేవాళ్ళకి అంతకంటే ఏం కావాలి. నంబర్ల విషయంలో మోసాలు ఎంత పెరిగాయంటే, 2024 జూలై 1 నుంచి సిమ్ మార్చిన ఏడు రోజుల దాకా పోర్టింగ్‌కి యూపీసీ ఇవ్వకూడదని నిబంధన పెట్టాల్సి వచ్చింది. అందుకని నా ఈనమ్ సర్వర్ మూడు కమాయిలియోల ఐపీలకి తప్ప ఎవరికీ పలకదు, మిగతావాళ్ళు అడిగితే జవాబే ఉండదు. బ్యాకెండ్ కూడా బ్లాకు లోపల మధ్య మెట్లు ఏవి అడిగినా ఒకే రకం జవాబు ఇచ్చేలా మార్చాను, పూర్తి పొడవు నంబరు అడిగితేనే నాప్టర్.

ఆఖరి పరీక్ష, నంబరు తిరిగి ఇవ్వడం. పోర్ట్ అయిన మనిషి ఆ కనెక్షన్ పూర్తిగా వదిలేస్తే నంబరు ఇప్పుడున్న ఆపరేటర్‌కి మిగలదు, మొదట బ్లాకు ఎవరిదో వాళ్ళకే తిరిగి వెళ్ళాలి. 00023ని చ దగ్గర మూసేసి, క్లియరింగ్ హౌస్ నుంచి తిరిగి ఇచ్చిన సందేశం పంపాను. పోర్టింగ్ పట్టికలోంచి ఆ వరస పోయింది, నిమిషంన్నర ఆగి క నుంచి, గ నుంచి, చ నుంచి కాల్ చేశాను. మూడూ క దగ్గరికే వచ్చాయి, ఎన్‌పీడీఐ ఉంది, ఆర్‌ఎన్ లేదు. పక్కన 00022, 00024 కూడా కొట్టి చూశాను, మోగాయి.

ఇంకా మిగిలినవి: పెద్ద జవాబులు యూడీపీలో పట్టనప్పుడు టీసీపీకి మారుతోందో లేదో చూడాలి, రెండో ఈనమ్ సర్వర్‌ని వేరే పెట్టె మీదికి మార్చాలి, మూడు ఆపరేటర్ల కాపీలనీ క్లియరింగ్ హౌస్ అసలు పట్టికతో రోజూ రాత్రి పోల్చి తేడాలు చెప్పే స్క్రిప్టు రాయాలి. ముందు ఆ స్క్రిప్టే మొదలుపెడతాను.